విడాకుల వేళ భయమెంత, వాస్తవమెంత? ఆ తేడా తెలుసుకునేందుకు కౌన్సెలింగ్ ఎలా తోడ్పడుతుంది?

కుటుంబ న్యాయస్థానం నుంచి నోటీసు అందిన రాత్రి చాలామందికి నిద్ర పట్టదు. ‘ఇప్పుడు ఏం చేయాలి?’ అన్న ప్రశ్నతో మొదలైన ఆలోచన తెల్లవారేసరికి ఎక్కడికో చేరుతుంది. పిల్లలు దూరమవుతారు, ఉన్నదంతా పోతుంది, బంధువుల్లో తలెత్తుకోలేము, తల్లిదండ్రులు ఈ దెబ్బ తట్టుకోలేరు, ఇక మిగిలిన జీవితమంతా ఒంటరితనమే అన్న నిర్ణయానికి మనసు వచ్చేస్తుంది. చేతిలోని కాగితంలో మాత్రం పిటిషన్ వివరాలు, కోర్టుకు హాజరు కావలసిన తేదీ తప్ప మరేమీ ఉండవు.

జరగబోయేదాన్ని అత్యంత దారుణమైన రూపంలో ఊహించుకోవడం, ఆ ఊహనే ఖాయమైన భవిష్యత్తుగా నమ్మడం అనే ఈ ధోరణిని మనస్తత్వశాస్త్రంలో ‘కెటాస్ట్రఫైజింగ్’ అంటారు. తెలుగులో దీనిని ‘విపత్తు ఆలోచన’ అనవచ్చు. ‘గోరంతను కొండంత చేయడం’ అన్న మన నుడికారం దీనికి దగ్గరగా కనిపించినా, విడాకుల విషయంలో అది పూర్తిగా పొసగదు. ఇక్కడ సమస్య గోరంత కాదు. నివాసం, ఆదాయం, పిల్లల దినచర్య, సామాజిక సంబంధాలు అన్నీ ఒకేసారి కదిలిపోతాయి. అందువల్ల ‘భయపడవలసిందేమీ లేదు’ అని నచ్చజెప్పడం కౌన్సెలింగ్ ఉద్దేశం కాదు. భయంలో వాస్తవమైన భాగమెంత, ఊహ పెంచిన భాగమెంత అన్నది విడదీసి, మొదటిదానికి ఏర్పాట్లు చేసుకునేలా, రెండోదాన్ని పరీక్షించి చూసుకునేలా సాయపడటమే దాని పని.

ఆలోచనల గొలుసు

ఒక సంఘటనకూ దానివల్ల కలిగే మనోవేదనకూ నడుమ ఆ సంఘటనకు మనిషి ఇచ్చుకునే అర్థం ఒకటి ఉంటుందన్నది ఈ చికిత్సా విధానాలకు పునాది. అమెరికా మనస్తత్వవేత్త ఆల్బర్ట్ ఎల్లిస్ 1950లలో, మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో ఈ సూత్రాన్ని వేర్వేరుగా అభివృద్ధి చేశారు. నేడు ప్రపంచవ్యాప్తంగా వాడుకలో ఉన్న ‘కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ’కి వారి కృషే మూలం.

ఈ దృష్టితో చూస్తే విపత్తు ఆలోచనలో రెండు పొరపాట్లు కలిసి పనిచేస్తాయి. చెడు జరిగే అవకాశాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా అంచనా వేయడం మొదటిది. అలా జరిగితే తట్టుకునే తన శక్తిని ఉన్నదానికంటే తక్కువగా అంచనా వేయడం రెండవది. ‘కేసు ఓడిపోతాను’ అన్నది మొదటి పొరపాటుకు, ‘ఓడిపోతే బతకలేను’ అన్నది రెండో పొరపాటుకు ఉదాహరణ.

విడాకుల ప్రక్రియ స్వభావమే ఈ ధోరణికి బలం చేకూరుస్తుంది. ఒక వాయిదాకూ మరో వాయిదాకూ నడుమ వారాలు గడుస్తాయి. ఆ ఖాళీని మనసు తన ఊహలతో నింపుకుంటుంది. అవతలివారి వాట్సాప్ స్థితిని పదేపదే చూడటం, న్యాయవాదికి రోజుకు పలుమార్లు ఫోన్ చేయడం, అర్ధరాత్రి ఇతరుల కేసుల తీర్పులు చదవడం వంటివి తాత్కాలికంగా ఊరటనిచ్చినట్లు అనిపిస్తాయి. కొద్దిసేపటికే కొత్త సందేహం తలెత్తి, మళ్లీ వెతుకులాట మొదలవుతుంది.

నష్టం నిద్రలేమితో ఆగదు. ‘ఎలాగూ అంతా పోతుంది’ అన్న నిస్పృహలో తమకు చట్టం ఇచ్చిన హక్కును కూడా అడగకుండా రాజీ పత్రంపై సంతకం చేసేవారు ఉంటారు. ‘ఒక్క అడుగు తగ్గితే సర్వం కోల్పోతాను’ అన్న భయంతో సహేతుకమైన ఒప్పందాన్ని తిరస్కరించి ఏళ్ల తరబడి వ్యాజ్యంలో చిక్కుకునేవారూ ఉంటారు. నిర్ణయాలు రెండు దిక్కులకు సాగినా, వాటి వెనుక ఉన్నది ఒకే రకం ఆలోచన.

ఒకే మాట, వేర్వేరు పనులు

తెలుగునాట ‘కౌన్సెలింగ్’ అన్న మాటకు పలు అర్థాలు స్థిరపడ్డాయి. ఇంజినీరింగ్ సీట్ల కేటాయింపు కౌన్సెలింగే. పోలీస్ స్టేషన్‌లో దంపతులను కూర్చోబెట్టి మందలించి పంపడాన్నీ ‘కౌన్సెలింగ్ ఇచ్చారు’ అనే అంటారు. అందుకే కౌన్సెలర్‌ను కలవమని సూచించగానే ‘మళ్లీ కలిసి ఉండమని ఒత్తిడి చేస్తారేమో’ అన్న అనుమానం చాలామందిలో తలెత్తుతుంది.

ఈ అనుమానం నిరాధారం కాదు. కుటుంబ న్యాయస్థానాల చట్టం, 1984లోని సెక్షన్ 9 ప్రకారం, సాధ్యమైన ప్రతి కేసులోనూ తొలుత రాజీకి ప్రయత్నించడం న్యాయస్థానం విధి. ఇందుకోసం కౌన్సెలర్లను నియమించేందుకు సెక్షన్ 6 వీలు కల్పిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన కె. శ్రీనివాసరావు వర్సెస్ డి.ఎ. దీప కేసులో 2013లో తీర్పు వెలువరిస్తూ, వైవాహిక వివాదాల్లో మధ్యవర్తిత్వానికి పెద్దపీట వేయాలని సుప్రీంకోర్టు సూచించింది.

కోర్టు నేపథ్యంలో జరిగే ఈ ప్రయత్నాల దృష్టి ‘వివాదం’పై ఉంటుంది. మానసిక కౌన్సెలింగ్ దృష్టి ‘వ్యక్తి’పై ఉంటుంది. కలిసి ఉండాలా, విడిపోవాలా అన్న నిర్ణయాన్ని అది రుద్దదు. ఏ నిర్ణయమైనా భయోద్వేగంలో కాకుండా స్పష్టతతో తీసుకునే స్థితికి చేర్చేందుకు ప్రయత్నిస్తుంది. తాను వెళ్తున్నది ఈ రెండింటిలో దేనికో మొదటి సమావేశంలోనే అడిగి తెలుసుకోవడం మంచిది.

కౌన్సెలింగ్ గదిలో ఏం జరుగుతుంది?

ప్రక్రియను అర్థం చేసుకునేందుకు ఒక కల్పిత ఉదాహరణను పరిశీలించవచ్చు. ఒంగోలులో ప్రైవేటు పాఠశాలలో పనిచేసే ఒక ఉపాధ్యాయురాలికి నాలుగేళ్ల కుమార్తె ఉంది. భర్త విడాకుల పిటిషన్ వేశారు. ఆయన జీతం ఆమె జీతానికి అయిదు రెట్లు. ‘డబ్బున్నవారికే కోర్టు పాపను ఇస్తుంది, ఇక నా బిడ్డను నేను చూడలేను’ అన్నది ఆమెను రాత్రింబవళ్లు వేధిస్తున్న ఆలోచన.

కౌన్సెలర్ ఆ ఆలోచనను ఉన్నది ఉన్నట్లుగా ఒక కాగితంపై రాయమంటారు. దాన్ని ఎంత గట్టిగా నమ్ముతున్నారో సున్నా నుంచి 100 వరకు ఒక అంకె వేయమంటారు. ఆమె 90 వేశారనుకుందాం. ఆ తర్వాత ‘మీకు కచ్చితంగా తెలిసినదేమిటి? మీరు ఊహిస్తున్నదేమిటి?’ అని అడుగుతారు. భర్త జీతం ఎక్కువన్నది తెలిసిన విషయం. జీతాన్ని బట్టే కోర్టు నిర్ణయిస్తుందన్నది ఊహ. ‘ఇక చూడలేను’ అన్నది ఆ ఊహ మీద కట్టుకున్న మరో ఊహ.

ఇక్కడ సరైన సమాచారం అవసరమవుతుంది. పిల్లల సంరక్షణ విషయంలో బిడ్డ సంక్షేమమే పరమావధి అని హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం, 1956లోని సెక్షన్ 13 స్పష్టం చేస్తోంది. అయిదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి వద్దే ఉండాలని అదే చట్టంలోని సెక్షన్ 6 చెబుతోంది. హిందూ వివాహ చట్టం, 1955లోని సెక్షన్ 26 కింద ఇచ్చే సంరక్షణ ఉత్తర్వులను పరిస్థితులను బట్టి తర్వాత మార్చుకునే వీలుంది. సంరక్షణ ఒకరికి దక్కినా, రెండోవారు బిడ్డను కలుసుకునేందుకు న్యాయస్థానాలు సాధారణంగా ఏర్పాటు చేస్తాయి. ఈ వివరాలు న్యాయవాది నుంచి తెలుసుకుని రావడమే ఆ వారం ఆమెకు ఇచ్చే ‘ఇంటిపని’.

తర్వాతి సమావేశంలో మూడు ప్రశ్నలు ఎదురవుతాయి. అన్నిటికంటే దారుణంగా ఏం జరగవచ్చు? అన్నిటికంటే మేలుగా ఏం జరగవచ్చు? జరిగేందుకు ఎక్కువ అవకాశం ఉన్నదేమిటి? విపత్తు ఆలోచనలో చిక్కుకున్నవారు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. మూడో ప్రశ్నకు సమాధానం వెతకడం మొదలైనప్పుడు ఆలోచన దిశ మారుతుంది. ‘పాప నా వద్దే ఉండవచ్చు, సెలవుల్లోనో వారాంతాల్లోనో తండ్రి వద్దకు వెళ్లవచ్చు’ అన్న అవకాశం ఆమెకు కనిపిస్తుంది. 90 అన్న అంకె 40కి దిగవచ్చు. అది సున్నా కావలసిన పనిలేదు. తీర్పు ఎలా వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు గనుక కొంత ఆందోళన సహజం.

చివరగా ‘ఒకవేళ మీరు భయపడినట్లే జరిగితే, ఆ మరుసటి రోజు ఏం చేస్తారు?’ అన్న ప్రశ్న వస్తుంది. వినడానికి ఇది కఠినంగా ఉంటుంది. అయితే పై కోర్టుకు వెళ్లడం, కలుసుకునే హక్కు కోరడం, తోబుట్టువుల సాయం తీసుకోవడం అంటూ సమాధానం చెప్పడం మొదలుపెట్టినప్పుడు, ఆ తర్వాత కూడా జీవితం ఉంటుందన్న గుర్తింపు కలుగుతుంది. టీకాల కార్డు, పాఠశాల రికార్డులు, పాప బాగోగులు ఎవరు చూస్తున్నారో తెలిపే ఆధారాలు సిద్ధం చేసుకోవడం వంటి పనుల జాబితాతో ఆ సమావేశం ముగుస్తుంది.

దీనితోపాటు మరికొన్ని పద్ధతులూ ఉన్నాయి. చింతించేందుకు రోజులో అరగంట ప్రత్యేకంగా కేటాయించి, మిగతా వేళల్లో వచ్చే ఆలోచనలను కాగితంపై రాసి ఆ అరగంటకు వాయిదా వేయడం వాటిలో ఒకటి. పడుకునే ముందు కేసు కాగితాలు చూడకపోవడం, నెమ్మదిగా శ్వాస తీసి వదలడం, నిద్ర వేళలను క్రమబద్ధం చేసుకోవడం వంటివి శరీరంలోని ఆందోళనను తగ్గిస్తాయి.

సరైన సమాచారంతో తగ్గే భయాలు

భారతదేశంలో విడాకుల చుట్టూ అల్లుకున్న భయాల్లో చాలావరకు చట్టంపై అపోహలతో ముడిపడినవే. అందువల్ల ఇక్కడ కౌన్సెలర్, న్యాయవాది ఇద్దరి పాత్రలూ పరస్పర పూరకాలు.

‘నా సంసారం సంగతి పత్రికలకెక్కుతుంది’ అన్నది ఒక భయం. హిందూ వివాహ చట్టంలోని సెక్షన్ 22 ప్రకారం ఈ విచారణలు బహిరంగంగా కాకుండా ఆంతరంగికంగా జరగాలి. కోర్టు అనుమతితో వెలువడే హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులు మినహా, విచారణ వివరాలను ప్రచురించడం చట్టవిరుద్ధం.

‘నా జీతమంతా భరణానికే పోతుంది’ అన్నది భర్తల్లో తరచూ కనిపించే భయం. ‘నాకు పైసా దక్కదు’ అన్నది భార్యల్లో కనిపించే భయం. ఆస్తులు, ఆదాయం, ఖర్చుల వివరాలతో ఇరుపక్షాలూ ప్రమాణపత్రాలు దాఖలు చేయాలని రజనీష్ వర్సెస్ నేహా కేసులో 2020లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. ఇరువురి స్థితిగతులు, అవసరాలు, బాధ్యతలను పరిగణనలోకి తీసుకుని భరణం నిర్ణయమవుతుంది. పెళ్లి సమయంలో పెట్టిన బంగారం తిరిగి రాదేమోనన్న బెంగకూ న్యాయపరమైన సమాధానం ఉంది. స్త్రీధనం పూర్తిగా ఆమె సొత్తేనని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది.

‘ఇది ఎప్పటికీ తెమలదు’ అన్నది మరో భయం. పరస్పర అంగీకారంతో విడిపోదలచిన హిందూ దంపతులు కనీసం ఏడాదిపాటు విడిగా ఉండాలి. పిటిషన్ దాఖలు చేశాక ఆరు నెలలు వేచి ఉండాలని సెక్షన్ 13బి చెబుతోంది. తగిన పరిస్థితుల్లో ఈ ఆరు నెలల గడువును న్యాయస్థానం మినహాయించవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది. ఒకరు వ్యతిరేకించే కేసుల్లో జాప్యం మాత్రం వాస్తవమే. దాన్ని ఊహగా కొట్టిపారేయకుండా, ఆ కాలానికి తగిన ఆర్థిక ప్రణాళిక వేసుకోవలసి ఉంటుంది. ముస్లింలు, క్రైస్తవులు, ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నవారికి వర్తించే నిబంధనలు వేరు.

విదేశాల్లోని తెలుగు కుటుంబాల్లో మరో రకం ఆందోళన ఉంటుంది. ‘అమెరికాలో నాకు తెలియకుండానే విడాకులు తీసుకుంటే అంతా అయిపోయినట్లే’ అన్న భయానికి 1991లోనే కొంత సమాధానం లభించింది. తిరుపతిలో వివాహం చేసుకున్న దంపతులకు సంబంధించిన వై. నరసింహారావు వర్సెస్ వై. వెంకటలక్ష్మి కేసులో, అమెరికాలోని మిస్సోరి కోర్టు ఇచ్చిన విడాకుల డిక్రీని సుప్రీంకోర్టు గుర్తించలేదు. అయితే జీవిత భాగస్వామి ఉద్యోగ వీసాపై ఆధారపడి హెచ్-4 వీసాతో ఉంటున్నవారికి, విడాకులు ఖరారైతే ఆ హోదా నిలవదన్నది ఊహ కాదు, వాస్తవం. అటువంటివారికి ఆలోచన మార్చుకోమని చెప్పడం కంటే ముందుగా ఇమిగ్రేషన్ న్యాయవాదిని కలవమని చెప్పడమే సరైన సాయం.

‘కౌన్సెలర్ దగ్గరకు వెళ్తే పిచ్చి అంటారేమో’

అనేకమందిని సాయానికి దూరంగా ఉంచుతున్న భయం ఇదే. చికిత్స తీసుకున్నట్లు తెలిస్తే అవతలిపక్షం దాన్ని ఆయుధంగా చేసుకుని, పిల్లలను దూరం చేస్తుందని అనుకుంటారు. అటువంటి ఆరోపణలు కేసుల్లో వినిపించడం నిజమే. అయితే ఆరోపణ చేసినంత మాత్రాన అది రుజువు కాదు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని సెక్షన్ 3 ప్రకారం, మానసిక అనారోగ్యం ఉన్నట్లు నిర్ధారణ అయినంత మాత్రాన, న్యాయస్థానం ప్రకటిస్తే తప్ప, ఆ వ్యక్తిని మతిస్థిమితం లేనివారిగా పరిగణించరాదు. చికిత్స వివరాల గోప్యతను సెక్షన్ 23 హక్కుగా గుర్తించింది. విడాకులకు మానసిక రుగ్మతను కారణంగా చూపే కేసుల్లో జబ్బు పేరు ఒక్కటే సరిపోదని, దాని తీవ్రతను చూడాలని 1988లో రామ్ నారాయణ్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పైగా, ఆందోళన తగ్గించుకునేందుకు కౌన్సెలింగ్‌కు వెళ్లడం వేరు, మానసిక రుగ్మత ఉండటం వేరు.

ఇది ఎక్కడ వర్తించదు?

ఈ పద్ధతికి ఒక స్పష్టమైన హద్దు ఉంది. ‘ఆయన నన్ను చంపేస్తాడు’ అని ఒక మహిళ చెప్పినప్పుడు దాన్ని విపత్తు ఆలోచనగా పరిగణించి ప్రశ్నించడం ప్రమాదకరం. గతంలో కొట్టడం, బెదిరించడం, గొంతు నులమడం, వెంటాడటం వంటివి జరిగి ఉంటే ఆ భయం ఒక హెచ్చరిక. అక్కడ ముందు జరగవలసింది భద్రత ఏర్పాటు. గృహ హింస నిరోధక చట్టం, 2005 కింద రక్షణ ఉత్తర్వులు కోరవచ్చు. ఉమ్మడి నివాసంలో ఉండే హక్కును అదే చట్టంలోని సెక్షన్ 17 కల్పిస్తోంది. అత్యవసర వేళల్లో 112, మహిళలకు సంబంధించిన సాయానికి 181 నంబర్లు ఉన్నాయి. వన్ స్టాప్ సెంటర్లలో (సఖి కేంద్రాలు) వైద్యం, న్యాయ సలహా, తాత్కాలిక ఆశ్రయం ఒకేచోట లభిస్తాయి.

రెండో హద్దు తీవ్రమైన కుంగుబాటు. వారాల తరబడి నిద్ర, ఆకలి లేకపోవడం, పనులు చేసుకోలేకపోవడం, చనిపోవాలన్న ఆలోచనలు రావడం వంటివి ఉంటే కౌన్సెలింగ్ ఒక్కటే సరిపోకపోవచ్చు. మానసిక వైద్యుడిని సంప్రదించడం తప్పనిసరి.

ఇంట్లోవారు ఏం చేయవచ్చు?

దగ్గరివారు సాధారణంగా రెండు మాటలు అంటారు. ఒకటి ‘ఏమీ కాదులే, ఎక్కువ ఆలోచించకు’. రెండోది ‘మేం ముందే చెప్పాం’. మొదటి మాట బాధను చిన్నబుచ్చుతుంది. రెండోది అపరాధ భావాన్ని పెంచుతుంది. ‘నలుగురూ ఏమనుకుంటారు’ అన్న మాట ఇంట్లోనే పదేపదే వినిపిస్తే, కౌన్సెలర్ వద్ద కలిగిన స్పష్టత గుమ్మం దాటేలోపే చెదిరిపోతుంది.

దీనికి బదులు ‘ఇప్పుడు నిన్ను ఎక్కువగా భయపెడుతున్నదేమిటి? దాని గురించి ఈ వారం మనం తెలుసుకోగలిగింది ఏమైనా ఉందా?’ అని అడగడం మేలు. వాయిదా రోజున తోడుగా వెళ్లడం, పిల్లలను ఒక పూట చూసుకోవడం, కాగితాలు సర్దడంలో సాయపడటం వంటి చిన్న పనులు ఓదార్పు మాటల కంటే ఎక్కువ ధైర్యాన్నిస్తాయి. తాను ఒంటరినన్న నమ్మకానికి అవే ప్రత్యక్షమైన జవాబు.

సాయం ఎక్కడ లభిస్తుంది?

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో రోజులో ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు వస్తే మరుసటి రోజు వరకు ఆగకుండా వెంటనే సంప్రదించాలి. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, బెంగళూరులోని నిమ్హాన్స్ వంటి ప్రభుత్వ సంస్థల్లో మానసిక వైద్య సేవలు అందుబాటులో ఉన్నాయి.

న్యాయ సలహా కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987లోని సెక్షన్ 12 ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ఇందుకు సంబంధించిన జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 15100.